బోరు నీళ్ళ చేపలు

మార్టూరులో మా ఇంటి బోరు నీళ్ళతో కందిపప్పు ఉడకదు. సబ్బు నురగ రాదు. కుళాయి మూతి చుట్టూ తెల్లగా పొక్కు కడుతుంది, నెలకోసారి చాకుతో గీకాలి. అందుకని తాగడానికి, వండడానికి క్యాను నీళ్ళు, మిగతా అన్నిటికీ బోరు నీళ్ళు. ఈ పద్ధతి మీద ఊళ్ళో ఎవరికీ రెండో అభిప్రాయం లేదు. నా చేపలు మాత్రం ఆ బోరు నీళ్ళలోనే రంగు తేలి, ఒళ్ళు చేసి, హాయిగా తిరుగుతుండేవి. అది మా ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు.

నేను పనిచేసేది గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో. సానపట్టి వచ్చిన పలకలను పక్కపక్కన నిలబెట్టి, రంగు కలిసినవి ఒక వరుసలో, కలవనివి ఇంకో వరుసలో పెట్టించడం నా పని. పొద్దుగూకులూ బూడిదరంగులో తేడాలు వెతికే మనిషికి ఇంటికొచ్చాక కాస్త రంగు చూడాలనిపించడం తప్పు కాదనుకుంటాను. గుంటూరు వెళ్ళినప్పుడు ఒక చేపల దుకాణం ముందు ఆగాను. మొదట తెచ్చినవి ఎర్రగీత ఉన్న చిన్న చిన్న చేపలు. వారం తిరక్కుండా ఒక్కొక్కటే తేలిపోయాయి. మళ్ళీ తెచ్చాను, మళ్ళీ తేలాయి. మూడోసారి వెళ్తే దుకాణం ఆయన మీది ఏ ఊరని అడిగి, మార్టూరు అనగానే, మీ నీళ్ళకు అవి ఆగవండీ, సిక్లిడ్లు పట్టుకెళ్ళండి అన్నాడు. ఆ మాట మొదటిసారే చెప్పి ఉండొచ్చు. కానీ దుకాణం నడపాలి కదా.

ఈ సిక్లిడ్లు ఆఫ్రికాలో మలావి అనే పెద్ద సరస్సువి. ఆ సరస్సు నీళ్ళు కూడా మా నీళ్ళలాగే గట్టివి, అందులోనూ సున్నం ఎక్కువ. పచ్చి పసుపుకొమ్ము రంగులో కొన్ని, నీలం మీద నల్లచారలతో కొన్ని, నారింజరంగువి రెండు తెచ్చాను. యూనిట్లో విరిగిన గ్రానైటు ముక్కల్ని కడిగి, ట్యాంకులో గుహల్లా పేర్చాను. పేర్చిన పూటే తగాదా మొదలైంది. ప్రతి మగచేపకీ ఒక రాయి కావాలి, రాయి చుట్టూ జానెడు జాగా కావాలి, ఆ జాగాలోకి ఇంకొకడు తోక పెడితే ఊరుకోడు. నోటితో గులకరాళ్ళు ఎత్తుకెళ్ళి హద్దు పోసుకుంటాడు. పక్కవాడు రాత్రికి రాత్రి ఆ హద్దు చెరిపేస్తాడు. మా ఊరి గట్టు తగాదాలు చూసి పెరిగినవాడికి ఇందులో కొత్తేమీ లేదు, కోర్టు ఖర్చులు లేవంతే.

నాన్న మా దగ్గరికి వచ్చేసరికి ఈ ట్యాంకు హాల్లో స్థిరపడి ఉంది. అమ్మ అంతకు ముందే పోయింది. అద్దంకి వైపు మా ఊళ్ళో ఉన్న చేను ఆయన బీడు పెట్టేశాడు. ఇక అక్కడ ఒక్కడూ ఉండి చేసేదేముందని నేనే వెళ్ళి తీసుకొచ్చాను. వచ్చిన రోజు ట్యాంకు ముందు కాసేపు నిలబడి, ఇవి కూరకు పనికొచ్చేవేనా అని అడిగాడు. కాదన్నాను. అమ్ముతావా అని అడిగాడు. కాదన్నాను. మర్నాడు కుర్చీ తెచ్చుకుని దాని ముందే కూర్చున్నాడు.

చేను గురించి చెప్పాలి. అది సాగర్ కాలవ కింద చిట్టచివరి భూమి. కాగితాల్లో మాది తడి భూమి. పైనున్నవాళ్ళ చేలన్నీ తాగాక, మా తూము దాకా వచ్చేది ఒక్కో ఏడు బురద, ఒక్కో ఏడు అదీ లేదు. అందుకని నాన్న బోరు వేయించాడు. మొదటి బోరు నీళ్ళు తియ్యగా ఉండేవి, కొన్నేళ్ళు మిరప బ్రహ్మాండంగా పండింది. కల్లంలో కాయలు ఆరబోస్తే ఊళ్ళోవాళ్ళు చూడ్డానికి వచ్చేవాళ్ళు. ఆ బోరు ఎండిపోయాక ఇంకా లోతుకు రెండో బోరు వేయించాడు. అంత లోతు వద్దని అన్నవాళ్ళున్నారు. ఆయన వినలేదు. నీళ్ళు ఎగజిమ్ముకుంటూ వచ్చాయి. నాన్న దోసిట పట్టి నాలిక మీద వేసుకుని, మూతి తుడుచుకోవడం నాకు బాగా గుర్తు. ఆ నీళ్ళు పెట్టిన మొదటి ఏడు మిరప ఓర్చుకుంది. రెండో ఏడు ఆకు అంచులు మాడాయి. బోదెల మీద తెల్లగా ఉప్పు పేరింది. తర్వాత పత్తి వేశాడు, అదీ కొన్నాళ్ళే. నేల చవుడుబారిపోయింది.

ఆ తర్వాత నాన్న ఆ చేలో అడుగు పెట్టలేదు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ కూడా చుట్టు తిరిగి వేరే దారిన వెళ్ళేవాడు. ఆశకు పోయి లోతుకు దింపి నేలను పాడుచేసుకున్నాడని ఊళ్ళో ఒక మాట ఉంది. ఎదురుగా ఎవరూ అనరు, కానీ ఆయనకు తెలుసు. ఇంతకంటే ఎక్కువ మాకూ చెప్పలేదు. నీళ్ళ మీద ఆయనకు పగ ఉందని మాత్రం మాకు అర్థమయ్యేది. బోరు నీళ్ళు పుక్కిలించడానికి కూడా ఒప్పుకునేవాడు కాదు. మొహం కడుక్కోవడానికి క్యాను నీళ్ళు వాడుతున్నాడని మా ఆవిడ నా దగ్గర సణిగేది, ఆయన దగ్గర కాదు.

అలాంటి మనిషి రోజంతా కూర్చుని చూసేది ఆ నీళ్ళలో ఈదే చేపల్ని. ఉప్పునీళ్ళలో ఇవెట్టా బతుకుతున్నయ్యిరా అని నన్ను చాలాసార్లు అడిగాడు. మలావి సంగతి చెప్పాను. నేను చెప్పడం మొదలుపెడితే ఆపను, అది మా ఇంట్లో అందరూ ఎరిగినదే. సున్నం ఎంత, ఉప్పెంత, ఏది తగ్గితే ఏమవుతుంది, అంతా చెప్పాను. నాన్న ఊఁ కొట్టాడు గానీ నమ్మినట్టు లేడు. తన పైరును చంపిన నీళ్ళు ఇంకో ప్రాణికి మంచివని ఎవరు చెప్తే మాత్రం ఎందుకు నమ్ముతాడు?

చలికాలంలో పసుపుచేపల్లో ఒక ఆడది తిండి మానేసింది. గింజలు వేస్తే మిగతావన్నీ పైకి ఎగబడేవి, అది మాత్రం రాతి చాటునే ఉండేది. దవడ కింద ఉబ్బింది. మొదట చూసింది నాన్నే. గవదబిళ్ళలు వచ్చినయ్యేమో చూడమన్నాడు. నవ్వొచ్చింది నాకు. గవదబిళ్ళలు కాదు, గుడ్లు. ఈ జాతి ఆడచేప గుడ్లు పెట్టి, వెంటనే వాటిని నోట్లోకి తీసుకుంటుంది. అవి పొదిగి, పిల్లలై, ఈదగలిగే దాకా నోట్లోనే మోస్తుంది. దాదాపు నెలరోజులు ఏమీ తినదు. నాన్న అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూశాడు. నేను చెప్పినవాటిలో ఆయన పూర్తిగా నమ్మిన మాట అదొక్కటే.

ఆ రోజు నుంచి ఆ చేప ఆయన మనిషైపోయింది. మా ఆవిడ హాల్లో మిక్సీ పెడితే వంటింట్లోకి తీసుకుపొమ్మన్నాడు. టీవీ గొంతు తగ్గించాడు. మగచేప దాని వైపు వస్తే అద్దం మీద వేలితో కొట్టి అదిలించేవాడు, కొట్టకూడదని నేను చెప్తూనే ఉన్నా. చేప రోజురోజుకీ చిక్కిపోయింది. పొట్ట లోపలికి పోయి, తల పెద్దదై కనిపించింది. ఒకరోజు పొద్దున, అది మామూలేనని నాన్నకు చెప్పి నేను పనికి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ట్యాంకు వైపు చూడగానే ఏదో తేడా తెలిసింది. చేపలన్నీ అడుగున చేరి ఉన్నాయి. నీలంవి బూడిదరంగులోకి దిగాయి. పసుపువి వెలిసిపోయి, ఉతికి ఉతికి పాడైన చీరలా ఉన్నాయి. తల్లిచేప నోరు మామూలుగా ఉంది. దవడ కింద ఉబ్బు లేదు. వంటింటి గోడ పక్కన ఖాళీ క్యాన్లు ఉన్నాయి. అంతా ఒక్క క్షణంలో అర్థమైంది.

నాన్న దాచలేదు. చక్కగా, ఓపిగ్గా చేశాడు కూడా. ఆదివారం ఆదివారం నేను పైపు పెట్టి నీళ్ళు తీయడం చూసినవాడే. నోటితో పీల్చి, సగం నీళ్ళు బకెట్లలోకి తీసి, పెరట్లో పారబోశాడు. గులకరాళ్ళు చెదరకుండా లోపల ఒక పళ్ళెం పెట్టి, దాని మీద చెంబుతో క్యాను నీళ్ళు నెమ్మదిగా పోశాడు. పోసేటప్పుడు మా ఆవిడ వారించబోతే, పాపం తిండి లేకుండా మోస్తోందమ్మా అన్నాడట.

"కడుపుతో ఉన్నదానికి ఈ ఉప్పునీళ్ళేందిరా. మంచినీళ్ళు పోశా," అన్నాడు నాతో.

నాకు కోపం వచ్చింది. చాలా కోపం వచ్చింది. ఆ క్యాను నీళ్ళలో సున్నం లేదు, ఉప్పు లేదు, ఏమీ లేదు. గట్టి నీళ్ళకు అలవాటు పడ్డ చేపను ఒక్కసారిగా అందులో పడేస్తే ఒంట్లో లెక్కంతా తప్పుతుంది. బెదిరిన తల్లి గుడ్లన్నీ ఉమ్మేస్తుంది. ఉమ్మేసిన గుడ్లు పక్కచేపలు తినేస్తాయి. ఇదంతా ఆయన ముందే నిలబడి, గొంతు పెంచకుండా, పాఠం చెప్పినట్టు చెప్పాను. గొంతు పెంచి ఉంటే బాగుండేదని మా ఆవిడ తర్వాత అంది.

"ఉమ్మేయడం చూశా. వాంతి చేసుకుంటందనుకున్నా," అన్నాడు నాన్న.

తెల్లారేసరికి నారింజచేపలు రెండూ చచ్చిపోయాయి. తల్లిచేప బతికింది. బోరు నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ వారం రోజుల్లో ట్యాంకును మళ్ళీ దారికి తెచ్చాను. నాన్న తన కుర్చీ వరండాలోకి మార్చుకున్నాడు. అటు నుంచి చూస్తే రోడ్డు మీద రాళ్ళ లారీలు తప్ప ఏమీ కనిపించవు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాటినే చూసేవాడు. హాల్లోంచి నడవాల్సి వస్తే ట్యాంకు వైపు తల తిప్పేవాడు కాదు. చేను దగ్గర దారి మార్చుకుని తిరిగిన మనిషే ఇప్పుడు మా ఇంట్లోనూ దారి మార్చుకున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. వచ్చి కూర్చో నాన్నా అని రెండు మూడుసార్లు అన్నాను. లేదులేరా, ఇక్కడ గాలి బాగుంది అన్నాడు. మా వరండాలో గాలి ఉండదు, రాతిపొడి ఉంటుంది.

ఎండాకాలం వచ్చింది. మా వీధి బోర్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. మా మోటారు వేస్తే గాలి కూత తప్ప ఏమీ రాలేదు. వీధిలోకి ట్యాంకరు రావడం మొదలైంది. సాగర్ కాలవ నీళ్ళతో నింపిన చెరువు నుంచి తోడుకొచ్చే నీళ్ళవి. సబ్బు ఎంత నురగ వస్తోందో చూడండి అని మా ఆవిడ సంబరపడింది. సరిగ్గా అప్పుడే పసుపుచేప మళ్ళీ తిండి మానేసింది. దవడ ఉబ్బింది. వేడికి ట్యాంకు నీళ్ళు రోజూ వేలెడు తగ్గుతున్నాయి. పోయడానికి ఇంట్లో గట్టి నీళ్ళు లేవు.

భోజనాల దగ్గర ఆ సంగతి మా ఆవిడకు చెప్తున్నాను. నాన్న అన్నం కలుపుతూ వింటున్నాడని నేను గమనించలేదు.

"మన చేలో బోరు నీళ్ళు పనికిరావా దానికి?" అన్నాడు.

నిజం చెప్పాలంటే అవసరం లేదు. ట్యాంకరు నీళ్ళలో కాస్త వంటసోడా, కాసిని సున్నపు గుల్లలు వేస్తే ఆ చేపలకు సరిపడే గట్టిదనం వస్తుంది. ఇలాంటి అవసరానికని గుల్లల పొట్లం అలమరాలో పెట్టుకునే ఉన్నాను. అది చెప్పడానికి నోరు తెరిచాను కూడా. మా ఆవిడ నా వైపు చూసింది. పనికొస్తాయి నాన్నా, ఆదివారం వెళ్దాం అన్నాను.

ఖాళీ క్యాన్లు కారులో వేసుకుని వెళ్ళాం. దారిలో మిరపచేలన్నీ ఏరేసి ఉన్నాయి, పత్తికట్టె పీకి కుప్పలు పెట్టారు. మా చేను గట్టు దగ్గర నాన్న కారు దిగి కొద్దిసేపు నిలబడిపోయాడు. చేనంతా సర్కారుతుమ్మ. బోరు దగ్గర మాత్రం శుభ్రంగా ఉంది, పక్కచేనువాళ్ళు గేదెల కోసం అప్పుడప్పుడు మోటారు వేస్తారట. నాన్న చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. ఇన్నేళ్ళ తర్వాత స్టార్టరు పెట్టె తెరిచి పచ్చ బటను నొక్కాడు. పైపు కాసేపు దగ్గి, నీళ్ళు దూకాయి. దోసిట పట్టి నాలిక మీద వేసుకున్నాడు.

"అట్నే ఉన్నయ్," అన్నాడు.

ఇంటికొచ్చి నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు పెట్టి చూస్తే, ఆ నీళ్ళు నా చేపలకు కూడా మరీ ఎక్కువ. సరిగ్గా సగం ట్యాంకరు నీళ్ళు కలిపితే సరిపోతాయి. ఆ మాట చెప్పగానే నాన్న చెంబు చేతిలోకి తీసుకున్నాడు. ఇదో చెంబు, అదో చెంబు, పెద్ద టబ్బులో తనే కలిపాడు. నేను మీటరు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ట్యాంకులో పోయడం కూడా తనే, అదే పళ్ళెం పెట్టి, అంతే నెమ్మదిగా. పోశాక తల్లిచేప వైపు చూస్తూ ఉండిపోయాడు. అది రాతి చాటు నుంచి కదల్లేదు. దవడ ఉబ్బు అలాగే ఉంది. ఆ సాయంత్రం కుర్చీ హాల్లోకి తిరిగొచ్చింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ చేనుకు వెళ్ళాం. ఒకసారి నాన్న కొడవలి కూడా తెచ్చుకుని, బోరు చుట్టూ ఉన్న తుమ్మకంప కొంత నరికాడు. మా ఊరివాళ్ళు ఆగి ఎందుకీ నీళ్ళని అడిగితే, పనుందిలే అన్నాడు. చేపలకని చెప్పలేదు. చెప్తే ఊరంతా పాకడానికి సాయంత్రం దాకా కూడా పట్టదు.

తల్లిచేపను ఒక చిన్న తొట్టిలోకి మార్చాను, అదే కలిపిన నీళ్ళలో. ఒకరోజు పొద్దున నేను చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే నాన్న పిలిచాడు. తల్లి నోరు తెరుచుకుని ఉంది. అందులోంచి బియ్యపు గింజంత పిల్లలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి, ఒంటికి అప్పుడే లేత పసుపు. మనిషి నీడ పడగానే మళ్ళీ నోట్లోకి దూరిపోతున్నాయి. నీడ తొలగగానే మళ్ళీ వస్తున్నాయి. నాన్న వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఊపిరి కూడా గట్టిగా వదలకుండా చూశాడు. నాకు సంతోషంగా ఉంది. పనికి ఆలస్యమవుతోందని కూడా అనిపించలేదు.

"బతికినయ్ రా," అన్నాడు.

కాసేపటికి నడుము ఎత్తి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పని మాట అప్పుడు చెప్పాడు.

"మిరప మాడిన ఏడు వ్యవసాయాఫీసు నుంచి ఒకాయన వచ్చి నీళ్ళు చూశాడ్రా. ఉత్త బోరు నీళ్ళు పెట్టబాకండి, సగం కాలవ నీళ్ళు కలిపి పెట్టండి, పైరు బతుకుద్దీ అన్నాడు. కాలవ ఏది మనకి? ఒక్క తడికన్నా కలిపి చూద్దామంటే తూములో చుక్క లేదు. ఆయన చెప్పింది నిజమో, నా మనసుకని చెప్పాడో, తెలుసుకునే దారి లేకపాయె." తొట్టి వైపు చెయ్యి చూపించాడు. "నిజమేరా. సగం కాలవ నీళ్ళుంటే బతికేదే. నేను లోతుకు దింపబట్టి కాదు."

చేప వేరు, మిరప వేరు. ఈ చేపకు ఆ ఉప్పు కావాలి, మిరపకు ఆ ఉప్పు సగమైనా ఎక్కువే కావచ్చు. ఈ తొట్టిలో పిల్లలు బతకడం వల్ల ఆ చేను గురించి ఏమీ తేలదు. కాలవ నీళ్ళు ఇప్పుడు ట్యాంకరెక్కి మా స్నానాల గదిలోకి వస్తున్నాయన్న మాట కూడా నోటి దాకా వచ్చింది. నాన్న నా మొహంలోకే చూస్తున్నాడు. నేనేమంటానోనని ఆయన అలా ఎదురుచూడటం నేనెప్పుడూ చూడలేదు.

"అవును నాన్నా, బతికేదే," అన్నాను.